పలక మీద చోటు

16 సెప్టెంబర్ 2023, శనివారం
మహబూబ్‌నగర్

పొద్దటి నుంచి వాడకట్టంతా టీవీల ముందే. కొల్లాపూర్ దగ్గర నార్లాపూర్‌లో ముఖ్యమంత్రి కేసీఆర్ మీట నొక్కారు. 145 మెగావాట్ల మొదటి పంపు తిరిగింది, శ్రీశైలం వెనుకజలాలు అంజనగిరి జలాశయంలోకి దుమికాయి. 2015 జూన్ 11న భూత్పూర్ మండలం కరివెనలో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగినప్పుడు ఆ ఎండలో నేనూ నిలబడ్డాను. కాలువలు ఇంకా చేన్ల దాకా రాలేదని తెలుసు. అయినా నీళ్లు నురగలు కక్కుతూ పైకి రావడం చూస్తే గొంతు పట్టేసింది. బొంబాయి బస్సు కోసం బస్టాండులో మూటల మీద తలపెట్టి పడుకున్న మనుషుల్ని చూస్తూ పెరిగినవాణ్ని నేను.

సాయంత్రం శిలాఫలకాల దుకాణమతను వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే. రాయి మీదికి ఎక్కే ముందు అక్షరాలు సరిచూడమని కాగితాలు తెస్తుంటాడు. ఈ నెల అతనికి నిద్ర లేదు. ఎన్నికల ప్రకటన వచ్చేలోగా ప్రతి ఊళ్లో ఏదో ఒకటి మొదలుకావాలి, ఏదో ఒకదాని పరదా తొలగాలి.

"జర చూడుండ్రి సార్. రేపు పొద్దుగాల్ల రాయి పోవాలె."

'శంఖుస్థాపన' అని ఉంటే దిద్దాను. నేలలో దిగ్గొట్టే మేకు శంకువు, శంఖంతో దానికి పని లేదు. మిగతాదంతా ఎప్పటిదే. గౌరవ ఫలానా వారి కరకమలములచే ఆవిష్కరించబడినది. ముఖ్య అతిథి, సభాధ్యక్షులు, గౌరవ అతిథులు, తరువాత అధికారుల వరస. ఎవరి పేరు పైన, ఎవరిది కింద, ఎవరి అక్షరం ఎంత లావు అన్నదానికే అతనికి ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. ఒక్క పేరు తప్పిందని మొత్తం పలక పక్కన పెట్టి కొత్తది చేసిన రాత్రులున్నాయి. ఒక కాగితం కమ్యూనిటీ హాలుది. ఆ హాలు గోడలు లేపిన మేస్త్రీ పేరు ఏమిటని అడిగాను. అతనికి తెలియదు. కాగితం ఇచ్చినవాళ్లకూ తెలియకపోవచ్చు.

17 సెప్టెంబర్, ఆదివారం

సమైక్యతా దినోత్సవానికి పాత బడికి పిలిచారు. 1948లో ఈ రోజున ఇక్కడ ఏం జరిగిందో పిల్లలకు నాలుగు మాటలు చెప్పాను. నా కన్ను మాత్రం జెండా కట్టిన అటెండరు మీదే ఉంది. పదవీ విరమణకు దగ్గరపడ్డ మనిషి. తెల్లవారుజామునే వచ్చి, జెండాను నిలువునా మడిచి, మళ్లీ అడ్డం మడిచి, లోపల బంతిరేకులు పోసి, జారుముడి వేశాడు. ఆ ముడిలోనే ఉంది పనితనమంతా. వదులైతే జెండా పైకి వెళ్లేలోగా ఊడిపోతుంది, బిగిస్తే ముఖ్య అతిథి ఎంత లాగినా విప్పుకోదు. అప్పుడు వందల మంది ముందు తలదించుకునేది అటెండరే. సరిగ్గా విప్పుకుంటే చప్పట్లు తాడు లాగిన వారికి.

ఇవాళ ఒక్క లాగుకే విప్పుకుంది. పూరేకులు పిల్లల తలల మీద రాలాయి. నేను మైకు దగ్గరికి వెళ్లినప్పుడు ముడి వేసిన చేతులకు కూడా చప్పట్లు కొట్టమన్నాను. పిల్లలు గట్టిగా కొట్టారు. ఆయన స్తంభం వెనక్కి పోయి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఇది మొదటిసారి అని తర్వాత చాయ్ దగ్గర చెప్పాడు.

24 సెప్టెంబర్, ఆదివారం

మనవరాలికి ఇంగ్లిష్ పరీక్ష. "తాతా, అన్‌వీల్ అంటే ముసుగు తీసుడు గదా, మరి బడ్జెట్‌కు, ఫోనుకు ముసుగు యాడుంటది?" అని అడిగింది. మంచి ప్రశ్న. ముఖం మీది మేలిముసుగు తొలగించడం ఆ మాటకు మొదటి అర్థం. విగ్రహాలకు, ఫలకాలకు గుడ్డ కప్పి పదిమంది ముందు తీసే ఆచారం వచ్చాక దానికీ అదే మాట వాడుకున్నారు. ఇప్పుడు కంపెనీ కారు చూపించినా, ప్రభుత్వం పథకం చెప్పినా అదే. భవనమైతే ఇనాగరేట్, పుస్తకమైతే రిలీజ్, జెండా అయితే అన్‌ఫర్ల్ అని వేరువేరుగా రాసుకొమ్మన్నాను. మన పత్రికలు వీటిలో సగానికి 'ఆవిష్కరణ' అనే రాస్తాయి. శాస్త్రవేత్త కొత్తది కనిపెట్టినా మనకు ఆవిష్కరణే. కనబడనిదాన్ని కనబడేట్టు చేయడం దాని అసలు పని కాబట్టి నాకు ఇందులో తప్పేమీ కనిపించదు.

షాసాబ్‌గుట్ట నుంచి వచ్చిన నా పాత స్నేహితుడు, ఉర్దూ పంతులు, పక్కనే కూర్చున్నాడు. విగ్రహానికైతే నఖాబ్ కుషాయి, పుస్తకానికైతే రస్మ్-ఎ-ఇజ్రా అని పిల్లకు చెప్పాడు. పునాదిరాయి సంగ్-ఎ-బునియాద్. పిల్ల అన్నీ రాసుకుంది. ఈ జిల్లాకు 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టిన తర్వాత కట్టిన కచేరీల మీద ఆ మాటలే ఉండేవని కూడా చెప్పాడు. వాళ్ల పెళ్లిళ్లలో జల్వా నాడు పెళ్లికొడుకు అద్దంలో పెళ్లికూతురి ముఖం చూస్తాడు. మన పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టాక అడ్డుతెర తీస్తారు. అక్కడ పరదా ఎవరు పట్టుకున్నారో, ఎవరు తీశారో ఎవరికీ గుర్తుండదు. తెరకు అటూ ఇటూ ఉన్న ఇద్దరిదే ఆ ముహూర్తమంతా.

చిన్నప్పుడు మా ఊళ్లో భాగోతం ఆడేవారు. ఇద్దరు ధోవతి పట్టుకుని నిలబడితే దాని కింద ముందు గజ్జెల కాళ్లు కనిపించేవి, తర్వాత దరువు, తర్వాత వేషం. తెర దించే వేళ ఆడేవాడు చెప్పాల్సిందే. ఏ పెద్దమనిషీ వచ్చి తీసిన గుర్తు నాకు లేదు.

1 అక్టోబర్, ఆదివారం

భూత్పూర్‌లో ప్రధాని మోదీ సభ. రోడ్లన్నీ కిక్కిరిశాయి. ఇంట్లోనే టీవీలో చూశాను. ఒకే వేదిక మీద నుంచి ఎన్నో పనులకు శంకుస్థాపనలు, ఎన్నింటికో జాతికి అంకితాలు. వాటిలో నాకు సంతోషమైంది జక్లేర్-కృష్ణ రైలుమార్గం. 37 కిలోమీటర్లు. నారాయణపేట వైపు జనం ఎన్నేళ్లుగా ఎదురుచూశారో! కృష్ణ స్టేషన్ నుంచి రాయచూరు-కాచిగూడ రైలు కూడా కదిలింది.

ఇప్పుడు మీట నొక్కితే వంద మైళ్ల దూరాన పరదా జరుగుతుంది. హైదరాబాదులో ఈ ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించినప్పుడు హెలికాప్టర్ పూలు చల్లింది. అంత ఎత్తు మనిషికి కప్పే గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? పనులు పెద్దవైనకొద్దీ చేసిన చేతులు వేదికకు ఇంకా దూరం జరుగుతున్నాయి. రైలుకట్ట మీద కంకర పోసినవాళ్లు ఇవాళ ఏ ఊళ్లో ఏ కట్ట మీద ఉన్నారో.

8 అక్టోబర్, ఆదివారం

జడ్చర్ల దాటాక ఒక పల్లె నుంచి కుర్రాళ్లు వచ్చారు. ఇంటింటికి చందా వేసుకుని తెనాలి నుంచి అంబేద్కర్ విగ్రహం తెప్పించారు. నీలం కోటు, చేతిలో రాజ్యాంగం, ముందుకు చాచిన వేలు. గద్దె పూర్తయింది, విగ్రహం నిలబెట్టారు, తెల్లగుడ్డ చుట్టారు. శిలాఫలకానికి మాటలు రాసిమ్మని అడిగారు. ఆవిష్కరించడానికి నాయకుడు ఈ వారం టైం ఇస్తానన్నాడట.

"ఉపాధి పనికి పోయే అక్కలు కూడా కూలి పైసల్లకెల్లి ఇచ్చిండ్రు సార్" అన్నాడు వాళ్లలో ఒకడు. పేర్లు రాసుకున్నారా అని అడిగితే చందా పుస్తకంలో ఉన్నాయన్నాడు. ఆ పుస్తకం జాగ్రత్తగా పెట్టమన్నాను.

11 అక్టోబర్, బుధవారం

మొన్న తొమ్మిదిన షెడ్యూల్ వచ్చింది. 30 నవంబర్ పోలింగ్. పట్నంలో నాయకుల విగ్రహాలకు గుడ్డలు చుడుతున్నారు, శిలాఫలకాలకు కాగితాలు అతికిస్తున్నారు. గడియారం చౌరస్తా నుంచి మెట్టుగడ్డ దాకా నడిచాను. ఎన్నడూ కంటికి ఆనని ఫలకాలు కూడా కాగితం అతికించాక కనిపిస్తున్నాయి. 2012లో ఉత్తరప్రదేశ్‌లో ఏనుగు విగ్రహాలకే ముసుగులు వేయించింది ఎన్నికల సంఘం. ఆ నియమం సరైనదే. ప్రజల డబ్బుతో కట్టినదాని మీద ఒకరి పేరు ఓటు అడిగేంత లావుగా ఉందని ఒప్పుకున్నట్టే కదా అది. మిగతా నాలుగున్నరేళ్లకు కూడా ఆ మాట వర్తించాలి.

పల్లె కుర్రాళ్లు ఫోన్ చేశారు. నాయకుడు రాలేదు, ఇక రాడు. విగ్రహం గుడ్డలోనే ఉంది.

22 అక్టోబర్, ఆదివారం

దసరా సెలవులకు పిల్లలతో యాదగిరిగుట్టకు. దారిలో భువనగిరి దాటాక రాయగిరి దగ్గర బండి ఆపించాను. హుస్సేన్‌సాగర్ మధ్యన నిలబడ్డ బుద్ధుడు ఈ గుట్టలోంచే వచ్చాడని మనవరాలికి చూపించాలని.

1985లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా పని మొదలైంది. గణపతి స్థపతి ఆధ్వర్యంలో వందల మంది శిల్పులు, కూలీలు ఈ నల్లగొండ ఎండలో ఒకే రాతిని తొలిచారు. కొన్ని వందల టన్నుల ఏకశిల. దాన్ని ఎన్నో చక్రాల బండి మీద హైదరాబాదుకు తరలించడమే ఒక యజ్ఞం, దారి పొడవునా జనం నిలబడి దండం పెట్టారు. 1990 మార్చి 10న పడవ మీద సాగర్ మధ్యకు తీసుకుపోతుంటే ఒరిగిపోయింది. విగ్రహం నీళ్లలోకి జారింది, దానితో ఉన్న పనివాళ్లు కొందరు ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి ముఖ్యమంత్రి చెన్నారెడ్డి. రెండేళ్లకు పైగా బుద్ధుడు నీటి అడుగునే ఉన్నాడు. మళ్లీ బయటికి తీసి 1992 డిసెంబర్ 1న గద్దె మీద నిలబెట్టేనాటికి కోట్ల విజయభాస్కర రెడ్డి ప్రభుత్వం. మొదలుపెట్టిన ముఖ్యమంత్రి ఒకరు, మునిగినప్పుడు ఒకరు, నిలబెట్టినప్పుడు మరొకరు.

సాగర్‌కు పడవలో వెళ్లే పిల్లలకు ఆ ముఖ్యమంత్రుల పేర్లు చెప్పేవాళ్లు దొరుకుతారు. మునిగిపోయిన పనివాళ్ల పేర్లు చెప్పేవాళ్లు కావాలి. నాగార్జునసాగర్ కూడా అంతే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీటి విడుదల. నోటికి వచ్చే తేదీలు ఈ రెండే, పిల్లలకు నేనూ ఇవే నేర్పాను. మధ్యలో పన్నెండేళ్లు వేల మంది రాళ్లు మోశారు. ఆ ఆనకట్ట రాతికట్టడం, యంత్రం కంటే మనిషి వీపు ఎక్కువ పనిచేసిన కట్టడం. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలియడానికి అటువంటి కట్టల మీద పోసిన చెమటే కారణం. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్లను ఇంటికి కాపలా పెట్టి, పిల్లల్ని చంకనెత్తుకుని పోయినవాళ్లు. వాళ్లు కట్టిన నీళ్లు వాళ్ల చేన్లకు రాలేదు. వాళ్ల పేరు ఏ పలక మీదికీ రాలేదు. నాకు ఈ రెండో బాధ మొదటిదానికంటే చిన్నదిగా ఏనాడూ అనిపించలేదు.

5 నవంబర్, ఆదివారం

ఒక యువకవి మొదటి పుస్తకం. ఆవిష్కరణకు నన్నూ పిలిచాడు. రంగుకాగితంలో చుట్టి రిబ్బను కట్టిన కట్ట తెచ్చారు, వేదిక మీద అందరం తలా ఒకటి పట్టుకుని ఫొటోకు నిలబడ్డాం. కవి ఆ వరసలో చివరన, సగం ఫొటో బయట. అతన్ని చెయ్యిపట్టి నడుమకు లాగాను.

మాట్లాడేటప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారి సంగతే చెప్పాను. తెలంగాణలో కవులే లేరు అన్న మాట పత్రికకెక్కినప్పుడు ఈ పాలమూరు మనిషి వాదానికి దిగి ఊరుకోలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాశారు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు, 354 మంది కవులు. వేదికలు, రిబ్బన్లు లేకుండా జరిగిన ఆవిష్కరణ అది. ఒక నేలంతటి ముసుగు తీశారు. 1926 నుంచి గోలకొండ పత్రిక నడిపిన మనిషి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచిన మనిషి. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. ఆ చరిత్రలో రాజుల వరస చెప్పడం ఆయనకు ముఖ్యం కాలేదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని వెతికారు. శాసనం మీద పేరెక్కని వాళ్లందరికీ ఆ పుస్తకంలో చోటు దొరికింది. నా ఆలోచనకు మూలం ఎక్కడుందో మాట్లాడుతుంటేనే నాకు స్పష్టమైంది.

24 నవంబర్, శుక్రవారం

కురుమూర్తి జాతరకు పోయివచ్చి రోజులైనా ఈ పుట రాయడానికి తీరలేదు. ఎన్నికల మైకుల హోరులో కూడా ఉద్దాల నాడు జనం తగ్గలేదు.

చిన్నచింతకుంట మండలం వడ్డెమాన్‌లో చర్మకారుల ఇళ్ల దగ్గర మొదలవుతుంది ఈ ఉత్సవం. దీపావళి అమావాస్య నుంచి వాళ్లు ఉపవాసాలతో, నియమంతో స్వామికి తోలు చెప్పులు కుడతారు. వాటినే ఉద్దాలంటారు. పల్లమర్రి నుంచి చాట వస్తుంది. కుట్టడం పూర్తయ్యాక ఉద్దాల మండపంలో పూజ, ఆ తర్వాత ఊరేగింపుగా గుట్టకు. స్వామి నగలు ఆత్మకూరు నుంచి వచ్చే రోజు వేరే ఉంది, ఆ వైభవం వేరు. కానీ జాతరకు జాతర ఊపు వచ్చేది ఉద్దాలతోనే.

మండపం దగ్గర తొక్కిసలాటలో నిలబడి చూశాను. చాటలో ఉద్దాలు బయటికి రాగానే ఒక్కసారిగా గోవింద నామం లేచింది. రెడ్లు, బోయలు, లంబాడాలు, పట్నం నుంచి కారుల్లో వచ్చినవాళ్లు, అందరూ ఆ చెప్పులను తలకు తాకించుకోవడానికే తోసుకున్నారు. తాకించేది కుట్టిన కులంవాళ్లే. ఏడాదిలో మిగతా రోజుల్లో ఆ కులాన్ని ఈ ఊళ్లు ఎట్లా చూశాయో, చూస్తున్నాయో నేను మరచిపోలేను. ఒక్కరోజు మొక్కు ఆ లెక్కను మాపదు. అయినా ఇన్ని ఆవిష్కరణలు చూశాక నాకు మనసారా నచ్చిన పద్ధతి ఇదొక్కటే. తయారుచేసిన ఇంటి ముందే ఉత్సవం మొదలు, తయారుచేసిన చేతుల మీదుగానే దర్శనం.

దారిలో అటెండరు గుర్తొచ్చాడు. పల్లెలో గుడ్డకప్పుకుని నిలబడ్డ అంబేద్కరూ గుర్తొచ్చాడు. ఆ పలకకు ఏం రాయాలో బస్సులోనే టికెట్టు వెనుక రాసుకున్నాను.

10 డిసెంబర్, ఆదివారం

మూడో తేదీన ఫలితాలు, ఏడున రేవంత్ రెడ్డి ప్రమాణం. వంగూరు మండలం కొండారెడ్డిపల్లి మనిషి. హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావు తర్వాత మన పాలమూరు నుంచి మళ్లీ ఒక ముఖ్యమంత్రి. విగ్రహాల గుడ్డలు ఊడాయి. శిలాఫలకాల దుకాణంలో మళ్లీ రద్దీ, ఈసారి వేరే పేర్లు.

పల్లె కుర్రాళ్లు వచ్చారు. జనవరి 26న ఆవిష్కరణ పెట్టుకుంటారట. అంతకన్నా మంచి రోజు ఆ విగ్రహానికి దొరకదు. కొత్త ఎమ్మెల్యేను పిలుస్తారట. నేను వద్దనలేదు. ఆయన వస్తే వీధిదీపాలో రోడ్డో అడగవచ్చునని వాళ్ల ఆశ, అందులో తప్పు పట్టడానికి నేనెవర్ని? నేను అడిగింది రెండే. గుడ్డ తీసే తాడు పట్టుకునేది కూలి డబ్బులిచ్చిన ఆడవాళ్లలో పెద్దామె కావాలి, ఎమ్మెల్యే గారు పక్కన నిలబడాలి. రెండోది, పలక మీద వచ్చినవారి పేరు ఎంత ఉంటుందో, గద్దె కట్టిన మేస్త్రీ పేరు, సిమెంటు కలిపినవాళ్ల పేర్లు, చందా ఇచ్చినవాళ్ల పేర్లు అంతే లావున ఉండాలి.

మొదటిదానికి కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడన్నాడు: "ఎమ్మెల్యే సార్ ఏమన్న అనుకుంటడేమో." ఇంకొకడు వెంటనే అందుకున్నాడు: "అనుకుంటే అనుకోనీరా. పైసలు అక్కలయి. మనం పోయి ముందుగాల చెప్దాం, ఫొటోల ఆయన కూడ ఉంటడు గదా."

రెండోదానికి దుకాణమతను అడ్డొచ్చాడు. అతన్నీ పిలిపించాను.

"గింత మంది పేర్లు రెండు బై మూడు రాయి మీద పట్టయి సార్. అక్షరం సన్నగైతది, సాండ్ బ్లాస్టింగ్‌ల అంచులు విరుగుతయి. నాలుగు బై మూడు నల్ల గ్రానైట్ వెయ్యాలె. స్టిక్కర్ కటింగ్ నాది, దానికి పైసలద్దు. రాయికే పెరుగుతది."

పెరిగేది నేనిస్తానన్నాను. కుర్రాళ్లు ఒప్పుకోలేదు, ఇంకో రౌండు చందా వేస్తామన్నారు. చివరికి సగం సగం. అక్కడే కూర్చుని రాయడం మొదలుపెట్టాం. 'కరకమలములచే' కొట్టేశాను. 'ఆవిష్కరించినవారు' అని పెద్దామె పేరు, కింద 'సమక్షంలో' అని ఎమ్మెల్యే గారిది, ఆ కింద కట్టినవారు, ఇచ్చినవారు.

చందా పుస్తకంలో చాలామంది ఆడవాళ్లకు ఇంటిపేరు లేదు. ఫలానావాడి పెండ్లాం, ఫలానావాడి తల్లి అని రాసుకున్నారు. అట్లా రాతి మీదికి ఎక్కించను. రేపు పొద్దున మొదటి బస్సుకు ఊరికి పోయి, ఒక్కొక్కరిని అడిగి, వాళ్లు చెప్పినట్టే పూర్తి పేరు రాసుకురావాలి. స్టిక్కరు కోతకు బుధవారం దాకా ఆగుతానన్నాడు.